రాయల్టీ ఖాతా ఎవరు తెరవాలి?

2023 జులై 13న ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఇచ్చిన ఒక తీర్పు గురించి మన గుంటూరు, విజయవాడల్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకున్నట్టు లేదు. ఆ తీర్పులో కలిపి విన్న వ్యాజ్యాలు రెండూ మనకు సంబంధం ఉన్నవే. ఒకదానిలో కక్షిదారు ఎరిక్సన్, సెల్‌ఫోన్ సాంకేతికతలో వేలాది పేటెంట్లున్న స్వీడన్ సంస్థ. రెండోదానిలో మొన్‌శాంటో, అంటే పల్నాటి నల్లరేగడి రైతుకు పరిచయం చేయనక్కర్లేని బీటీ పత్తి సంస్థ. 2018 నుంచి అది బేయర్‌లో భాగం. ఫోను వేరు, పత్తి గింజ వేరు అయినా రెండు వ్యాజ్యాల్లోనూ తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే. పేటెంటు చేతిలో ఉన్న సంస్థ తన ఆధిపత్యాన్ని వాడుకుని రాయల్టీ (పేటెంటు వాడుకున్నందుకు కట్టే రుసుము) రూపంలో అన్యాయంగా వసూలు చేస్తోందని ఫిర్యాదు వస్తే, దాన్ని, బజారులో పోటీని కాపాడవలసిన కాంపిటీషన్ కమిషన్ విచారించవచ్చా? విచారించరాదని, పేటెంట్ల చట్టంలోనే అందుకు తగిన ఏర్పాటు ఉందని, ప్రత్యేక చట్టం ఉన్నచోట అదే నెగ్గుతుందని ధర్మాసనం తేల్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కమిషన్ అప్పీలును కొట్టివేయడంతో ఆ తీర్పు నిలిచిపోయింది.

ఈ తీర్పు వల్ల మనకు జరిగిన నష్టం పెద్దదని నా అభిప్రాయం. పేటెంట్లే ఉండకూడదని వాదించేవాళ్లలో నేను లేను. ఏళ్ల తరబడి డబ్బు పోసి పరిశోధించినవాడికి ప్రతిఫలం దక్కాలి, అందులో సందేహం లేదు. నేను అడిగేది అంతకంటే చిన్న సంగతి. ఎవరిని ఎంత అడుగుతున్నారు, ఏ లెక్కన అడుగుతున్నారు, ఒకరికి ఒక ధర మరొకరికి మరో ధర చెబుతున్నారా అన్న ఖాతాను తెరిపించి చూసే అధికారం దేశంలో ఎవరో ఒకరికి ఉండి తీరాలి. అది ఎందుకు అవసరమో తెలియాలంటే, పెద్ద సంస్థలు పేటెంట్లను నిజంగా దేనికి వాడుతున్నాయో ముందు చూడాలి.

2009లో దివాలా తీసిన కెనడా సంస్థ నార్టెల్ చేతిలో సుమారు 6,000 పేటెంట్లు మిగిలాయి. 2011 జూన్ ఆఖరులో వాటిని వేలం వేశారు. 90 కోట్ల డాలర్లతో పాట మొదలుపెట్టింది గూగుల్. పాట పెరుగుతున్నకొద్దీ గూగుల్ చెప్పిన అంకెల్లో ఒకటి 314 కోట్ల 15 లక్షల 90 వేల డాలర్లు. అంటే బడి గణితంలో నేర్చుకున్న ‘పై’ (3.14159) విలువ. (వందల కోట్ల డాలర్ల పాటలో గణితం పరిహాసాలాడగలగడం కూడా ఒక రకం సంపన్నత.) చివరికి ఆపిల్, మైక్రోసాఫ్ట్, బ్లాక్‌బెర్రీ ఫోన్ల సంస్థ రిమ్, సోనీ, ఎరిక్సన్, ఈఎంసీ కలిసి కట్టిన కూటమి 450 కోట్ల డాలర్లకు వాటిని ఎత్తుకుపోయింది. బజారులో ఒకదాని గొంతు ఒకటి పట్టుకునే సంస్థలు ఇలా ఒక గొడుగు కిందికి చేరడానికి కారణం ఆ పేటెంట్లలో ఉన్న విజ్ఞానం మీద మక్కువ కాదు. అవి గూగుల్ చేతికి వెళ్తే తమ దావాలకు ఎదురుదావాలు పడతాయన్న భయం ఒకటి, తమ చేతికి వస్తే ఆండ్రాయిడ్ ఫోన్లు చేసేవాళ్ల మీద దావాలు వేయవచ్చన్న ఆశ ఒకటి. ఆ కూటమి 2013లో గూగుల్ మీద, శాంసంగ్ మీద, మరికొందరి మీద దావాలు వేసింది. మరుసటి ఏడాదికే రాజీలు కుదిరాయి. సభ్యులు పంచుకోగా మిగిలిన సుమారు 4,000 పేటెంట్లను 90 కోట్ల డాలర్లకు వదిలించుకున్నారు.

వేలంలో ఓడిన గూగుల్ ఊరుకోలేదు. రెండు నెలలు తిరగకుండానే, 2011 ఆగస్టులో, మోటరోలా మొబిలిటీని 1,250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ సంస్థకు 17,000 దాకా పేటెంట్లుండేవి. 2014లో ఫోన్ల వ్యాపారాన్ని 291 కోట్ల డాలర్లకు లెనోవోకు అమ్మేసి, పేటెంట్లలో అధిక భాగాన్ని మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకుంది. గూగుల్ దేని కోసం కొన్నదో, అమ్మినప్పుడు ఏది వదులుకోలేదో చూస్తే తెలుస్తుంది.

అదే కాలంలో ఆపిల్, శాంసంగ్‌ల వ్యాజ్యం నడిచింది. 2011 ఏప్రిల్‌లో మొదలై, 2012 ఆగస్టులో జ్యూరీ 105 కోట్ల డాలర్ల పరిహారం విధించి, ఆ మొత్తం తగ్గుతూ పెరుగుతూ, ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లివచ్చి, 2018 మేలో మరో జ్యూరీ 53.9 కోట్ల డాలర్లు అన్నాక, జూన్‌లో రాజీతో ముగిసింది. రాజీ షరతులు బయటికి రాలేదు. ఈ ఏడేళ్ల పొడవునా, ఫోను మూలలు గుండ్రంగా ఉండటం ఎవరి సొత్తో తేల్చమని న్యాయవాదులు కోర్టులో వాదిస్తుండగా, ఆపిల్ ఫోన్లలోకి శాంసంగ్ తయారుచేసిన చిప్పులు, తెరలు వెళుతూనే ఉన్నాయి. దాన్ని యుద్ధం అనడం పత్రికల అలవాటు. నా కళ్లకు అది బేరం. కోర్టు ఫీజు కట్టి ఆడిన బేరం.

ఈ బేరంలో కూర్చోవాలంటే ఎదుటివాడికి ఇవ్వడానికి మన దగ్గరా కొన్ని పేటెంట్లు ఉండాలి. నీ వెయ్యి నేను వాడుకుంటాను, నా వెయ్యి నువ్వు వాడుకో, తేడా ఉంటే కొంత డబ్బు కట్టు అన్న పద్ధతిలో పెద్దవాళ్ల మధ్య లైసెన్సుల మార్పిడి జరుగుతుంది. ఇవ్వడానికి ఏమీ లేనివాడు, అంటే కొత్తగా వచ్చినవాడు, మొత్తం నగదుగా కట్టాలి; ఎంత కట్టాలో అవతలివాడు చెబుతాడు. కాబట్టి పేటెంట్ల గుట్ట ఒకరి మీద ఒకరు విసురుకోవడానికి కంటే మూడోవాడిని లోపలికి రానివ్వకపోవడానికే ఎక్కువ ఉపయోగపడుతోంది.

పెద్దవాడు కూడా ఇరుక్కునే సందర్భం ఒకటుంది, అది ప్రమాణాలకు సంబంధించినది. విజయవాడలో కొన్న ఫోను విశాఖలో, విదేశంలో పనిచేయాలంటే అన్ని సంస్థలూ ఒకే ప్రమాణాన్ని పాటించాలి. రెండో తరం జీఎస్‌ఎం కానీ, తర్వాతి తరాలు కానీ అలా ఏర్పడ్డవే. ఆ ప్రమాణంలో చేరిన పేటెంటును తప్పించుకుని ఫోను చేయడం ఎవరి తరమూ కాదు. అందుకే అలాంటి పేటెంట్లున్నవాళ్లు న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని షరతులపై అందరికీ లైసెన్సు ఇస్తామని ప్రమాణాల సంస్థకు ముందుగా మాట ఇస్తారు. ఆ మాట ఇచ్చాకే వాళ్ల సాంకేతికత ప్రమాణంలోకి వస్తుంది, ప్రత్యామ్నాయాలు పక్కకు పోతాయి. న్యాయమైన ధర అంటే ఎంత అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

ఫోన్ల చిప్పులు చేసే అమెరికా సంస్థ క్వాల్‌కామ్ ఈ ఖాళీని ఎలా వాడుకుందో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావాలో బయటపడింది. పేటెంట్లకు లైసెన్సు తీసుకోనివాడికి చిప్పులు అమ్మకపోవడం, రాయల్టీని చిప్పు ధర మీద కాక మొత్తం ఫోను ధర మీద శాతంగా లెక్కకట్టడం దాని విధానాలు. 2019 మేలో న్యాయమూర్తి లూసీ కో ఇది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పారు. 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఈలోగా ఇదే పద్ధతి మీద 2017లో సొంతంగా దావా వేసిన ఆపిల్, 2019 ఏప్రిల్ 16న విచారణ మొదలవుతుండగానే రాజీపడి, ఆరేళ్ల లైసెన్సు తీసుకుంది. ఆ వేసవిలోనే ఇంటెల్ సంస్థ మోడెమ్ (ఫోనును నెట్‌వర్కుతో కలిపే చిప్పు) వ్యాపారాన్ని 100 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించి, 2025 ఫిబ్రవరిలో సొంత మోడెమ్ ఉన్న తొలి ఫోను విడుదల చేసింది. చిప్పు కోసం ఒకరి గుమ్మం దగ్గర నిలబడకుండా ఉండటానికి ప్రపంచంలోకెల్లా సంపన్నమైన సంస్థల్లో ఒకదానికే అంత డబ్బు, అన్నేళ్లు పట్టాయి. పైగా అది తప్పించుకున్నది చిప్పు విషయంలోనే. ప్రమాణంలోని పేటెంట్లకు రాయల్టీ మోడెమ్ ఎవరు చేసినా కట్టవలసిందే.

మన దేశంలో ఈ కథ 2013లో మొదలైంది. అప్పట్లో విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల సెల్‌ఫోన్ దుకాణాల్లో దేశీ బ్రాండ్ల జోరు ఎలా ఉండేదో గుర్తున్నవాళ్లుంటారు. మైక్రోమాక్స్, ఇంటెక్స్, లావా, కార్బన్ పెట్టెలు కౌంటర్ మీద ఎత్తుగా పేర్చి ఉండేవి. ఆ ఏడాది మార్చిలో ఎరిక్సన్ మైక్రోమాక్స్ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. మైక్రోమాక్స్ కాంపిటీషన్ కమిషన్ దగ్గరికి వెళ్లింది. ఆ నవంబరులో దర్యాప్తుకు ఆదేశిస్తూ కమిషన్ రాసిన ఉత్తర్వులో ఒక ఉదాహరణ ఉంది. ఒకే జీఎస్‌ఎం చిప్పును 100 రూపాయల ఫోనులో పెడితే రాయల్టీ రూపాయి పావలా, 1,000 రూపాయల ఫోనులో పెడితే పన్నెండున్నర రూపాయలు. చిప్పు చేసే పని మారలేదు, రాయల్టీ మాత్రం పదింతలైంది. ఫోనుకు పెద్ద తెర, మంచి కెమెరా పెట్టి ధర పెంచింది తయారీదారు. ఆ పెరిగిన ధరలో వాటా తీసుకునేది తెరతో, కెమెరాతో సంబంధం లేని పేటెంటుదారు.

గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు ఇందులో ఉన్న మెలిక వెంటనే అర్థమవుతుంది. హమాలీ కూలి టిక్కీకి, అంటే బస్తాకు, ఇంత అని ఉంటుంది, ఆ టిక్కీలో మేలు రకం తేజ ఉందా నాసి తాలు ఉందా అన్నది మోసేవాడికి అనవసరం. కమీషన్ మాత్రం అమ్ముడుపోయిన ధరలో శాతం. మోడెమ్ చేసేది మోత పని. పేటెంటుదారు అడుగుతున్నది కమీషన్.

కమిషన్ మరో సంగతినీ గమనించింది. లైసెన్సు గురించి మాట్లాడాలంటే ముందు రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాలి. సంతకం పెట్టినవాడు తనకు చెప్పిన ధరను పక్కవాడితో పంచుకోలేడు, పక్కవాడి ధర తనకు తెలియదు. వివక్ష చూపబోమని మాట ఇచ్చినవాడు, వివక్ష ఉందో లేదో ఎవరికీ తెలియకుండా ముందే కట్టడి చేయగలిగితే ఇక ఆ మాటకు అర్థమేముంది? నా మట్టుకు ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే. శాతం ఒకటా ఒకటింబావా అన్న తగువు దీని తర్వాతే.

ఒత్తిడి ఎలా ఉంటుందో చూడాలంటే 2014 డిసెంబరు చాలు. మన దేశంలో అడుగుపెట్టి ఆరు నెలలైనా కాని షావోమీ ఫోన్ల దిగుమతిని, అమ్మకాన్ని ఢిల్లీ హైకోర్టు ఎరిక్సన్ దావాలో మధ్యంతర ఉత్తర్వుతో ఆపేసింది. కొద్ది రోజులకు క్వాల్‌కామ్ చిప్పులున్న ఫోన్లకు, ఒక్కోదానికి 100 రూపాయల చొప్పున డిపాజిట్ కట్టే షరతు మీద అనుమతి వచ్చింది. తుది తీర్పుకు పదేళ్లు పట్టినా ఫరవాలేదు. పండగ సరుకు గోదాములో ఆగిపోతుందన్న భయంతో వ్యాపారి పది రోజుల్లో సంతకం పెడతాడు. మైక్రోమాక్స్ కూడా చివరికి 2018లో ఎరిక్సన్‌తో రాజీపడింది.

ఇదంతా పెద్ద సంస్థల గొడవ అనుకునేవాళ్లకు ఆటోనగర్‌లో నేను చూసిన ఒక చిన్న పెట్టె గురించి చెబుతాను. పొలంలో బోరు మోటారును ఇంటి దగ్గర నుంచి ఫోను చేసి వేయడానికి, కట్టేయడానికి వాడే సెల్ స్టార్టర్ అది. నాకు తెలిసిన ఒకాయన నలుగురు కుర్రాళ్లను పెట్టుకుని వాటిని తయారుచేస్తారు. రేకు పెట్టె మూత తీస్తే కాంటాక్టరు, రిలేలు, ఫేజులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే సర్క్యూటు, సిమ్ము పెట్టుకునే అర, వాటి మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల చదరంలో తగరపు మూత ఉన్న మోడెమ్ ముక్క. ఆ ముక్క చైనా నుంచి వస్తుంది, ఖరీదు కొన్ని వందల రూపాయలు. పెట్టె మొత్తం వేలల్లో అమ్ముడుపోతుంది, ఎందుకంటే అందులో ఖరీదైనది కాంటాక్టరు, ఆయన రాయించుకున్న ప్రోగ్రాము, పాడైతే మైలవరం దాకా వెళ్లి బాగుచేసి వచ్చే మనిషి. ఆ మోడెమ్‌కు రాయల్టీ ఎవరైనా కట్టారా అని అడిగితే, ఆయన బిల్లు తీసి చూపించి, "జీఎస్టీ కట్టిన లెక్క ఉందండీ, ఇంకేమీ లేదు" అన్నారు. కట్టి ఉండవచ్చు, కట్టకపోయీ ఉండవచ్చు. రేపు ఎవరైనా నోటీసు పంపితే మోడెమ్ ధర మీద అడుగుతారా, పెట్టె ధర మీద అడుగుతారా అన్నదాని మీద ఆయన వ్యాపారం ఉంటుందో పోతుందో తేలుతుంది. ఇప్పటిదాకా నోటీసు రాకపోవడానికి ఏకైక కారణం ఆయన చాలా చిన్నవాడు కావడం. పెద్దవాడైతే వస్తుంది.

ఇక పత్తి సంగతి. ఈ విషయంలో మన రాష్ట్రం చేసిన పనిని మనమే మరిచిపోయాం. 2005 ప్రాంతంలో 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్టు 1,850 రూపాయలు ఉన్నప్పుడు, అందులో 1,250 రూపాయలు మొన్‌శాంటో మహికో ఉమ్మడి సంస్థకు జన్యువు వాడుకున్నందుకు కట్టే రుసుమే. విత్తనం పండించిన రైతుకు, శుద్ధి చేసిన సంస్థకు, మోసిన లారీకి, అమ్మిన డీలరుకు కలిపి మిగిలింది మూడో వంతు. 2006 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌లో, అంటే ఇప్పటి కాంపిటీషన్ కమిషన్‌కు ముందున్న ఎంఆర్‌టీపీ కమిషన్‌లో ఫిర్యాదు చేసింది. అదే జన్యువుకు అమెరికాలో వసూలు చేసేదానికి ఎన్నో రెట్లు ఇక్కడ వసూలు చేస్తున్నారని లెక్కలు చూపింది. మేలో కమిషన్ ఆ రుసుము తగ్గించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రం ప్యాకెట్టు ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది, ఇతర రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

ఈ ఉదంతంలో చాలామందికి తెలియని విశేషం మరొకటుంది. ఆ తొలి రకం బీటీ పత్తి సాంకేతికత బోల్‌గార్డ్‌కు భారతదేశంలో పేటెంటే లేదు. పేటెంటు వచ్చింది తర్వాతి బోల్‌గార్డ్-2 సాంకేతికతకు, 2008లో. పేటెంటు లేని వస్తువు మీద అంత రుసుము ఎలా వసూలైంది? అనుమతి పొందిన జన్యువు అప్పటికి బజారులో మరొకటి లేదు, దాన్ని ఇచ్చే ఒప్పందంలో షరతులు ఇచ్చేవాడివి. అంటే వసూలు చేయగల శక్తి పేటెంటు కాగితం నుంచే రావాలని లేదు. ఒప్పందం నుంచి, మరో దారి లేకపోవడం నుంచి కూడా వస్తుంది. హైదరాబాదు విత్తన సంస్థ నూజివీడు సీడ్స్‌కూ మొన్‌శాంటోకూ మధ్య తర్వాత ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యాలు కూడా, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2021లో రాజీతోనే ముగిశాయి. 2016లో కాంపిటీషన్ కమిషన్ మొదలుపెట్టిన దర్యాప్తు మాత్రం 2023 నాటి తీర్పుతో ఎరిక్సన్ దర్యాప్తుతో పాటే ఆగిపోయింది. 2006లో మనకు తెరిచి ఉన్న తలుపు ఇప్పుడు మూసి ఉందని నేననేది అందుకే.

ఒప్పందంలోని శక్తికి గూగుల్ ఇంకా పెద్ద ఉదాహరణ. ఆండ్రాయిడ్ ఉచితం, దాని మూలం అందరికీ తెరిచే ఉంటుంది. అయినా ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ ఇతర యాప్‌లను కూడా కలిపి ముందే ఎక్కించాలన్న ఒప్పందం మీద ఫోన్ల సంస్థలు సంతకం పెట్టాలి. 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ దీనిపై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది, అప్పీలు ట్రైబ్యునల్ ఆ జరిమానాను సమర్థించింది. అమెరికాలో ప్రభుత్వం వేసిన సెర్చ్ దావాలో, తన సెర్చ్‌ను డిఫాల్ట్‌గా ఉంచినందుకు ఫోన్ల సంస్థలకు, బ్రౌజర్లకు, నెట్‌వర్కులకు గూగుల్ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందన్న సంగతి బయటపడింది. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా దాన్ని చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యంగా తేల్చారు. ఆ అంకె అంతకు ముందు ఏళ్ల తరబడి ఒప్పందాల బీరువాల్లో ఉంది. ఏ వ్యాపార భాగస్వామీ, ఏ విలేఖరీ దాన్ని పూర్తిగా బయటపెట్టలేకపోయారు. పోటీ చట్టం కింద ప్రశ్నించే అధికారం ఉన్నవాడు అడిగాడు కాబట్టి బయటికి వచ్చింది.

పోటీ చట్టం పేటెంట్ల జోలికి వెళితే పరిశోధన కుంటుపడుతుందన్న వాదనకు నా జవాబు 1956లో ఉంది. అమెరికా ప్రభుత్వం టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ మీద 1949లో వేసిన దావా 1956 జనవరిలో రాజీతో ముగిసినప్పుడు, ట్రాన్సిస్టర్ పుట్టిన దాని పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ పేటెంట్లను, అప్పటిదాకా ఉన్న 7,800కు పైగా పేటెంట్లను, రాయల్టీ లేకుండా ఎవరికైనా ఇవ్వడానికి ఏటీ అండ్ టీ ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ కుంగిపోయిందని ఎవరూ అనలేరు. బెల్ ల్యాబ్స్ కూడా మూతపడలేదు. కంప్యూటర్లను నడిపే యూనిక్స్, ప్రోగ్రాములు రాసే సీ భాష ఆ తర్వాత అక్కడ పుట్టినవే.

సాఫ్ట్‌వేర్ విషయంలో మన పార్లమెంటు ముందుచూపు చూపిందనే చెప్పాలి. అమెజాన్ ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి 1999లో పేటెంటు పొంది, ఆ క్రిస్మస్ సీజనుకు ముందే పోటీ పుస్తకాల దుకాణం మీద ఉత్తర్వు తెచ్చుకున్న తీరు అప్పటికే ప్రపంచం చూసింది. 2004 డిసెంబరు ఆర్డినెన్సు సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు దారి కొంత తెరవబోతే, 2005లో పార్లమెంటు ఆ భాగాన్ని తీసేసి, కంప్యూటర్ ప్రోగ్రాముకు దానికదిగా పేటెంటు ఇవ్వరాదన్న సెక్షన్ 3(కె)ను యథాతథంగా ఉంచింది.

ఎరిక్సన్ పక్షాన చెప్పుకోదగిన న్యాయం ఉంది, దాన్ని దాటవేయడం సబబు కాదు. రేడియో ప్రమాణాలు గాలిలోంచి ఊడిపడలేదు. వాళ్ల ఇంజినీర్ల కృషి అందులో ఉంది. కొందరు తయారీదారులు లైసెన్సు తీసుకోకుండా, మాటలతో కాలక్షేపం చేస్తూ ఏళ్లపాటు ఫోన్లు అమ్ముకున్నదీ నిజమే. 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు లావా మీద 244 కోట్ల రూపాయల పరిహారం విధించినప్పుడు, ఎనిమిది పేటెంట్లలో ఏడింటిని సమర్థించి, లావా లైసెన్సు తీసుకోవడానికి చిత్తశుద్ధి చూపలేదని కూడా తేల్చింది. ఆ తీర్పులో నాకు తప్పు కనిపించలేదు. కానీ సివిల్ కోర్టు తన ముందున్న ఇద్దరి మధ్య తగువును తీరుస్తుంది. మూడోవాడిని ఎంత అడిగారు, నాలుగోవాడికి ఎంత తగ్గించారు అన్న కాగితాలు వచ్చినా, గోప్యతా నిబంధనల మధ్య కొద్దిమంది న్యాయవాదులు, నిపుణులు మాత్రమే చూస్తారు. బజారు మొత్తాన్ని చూసే పని దానిది కాదు. అడుగుతున్న ధర న్యాయమైనదే అయితే, ఖాతా తెరిచి చూపిస్తే పేటెంటుదారుకే మేలు.

ధర్మాసనం చూపించిన ప్రత్యామ్నాయం పేటెంట్ల చట్టంలోని 16వ అధ్యాయం. ప్రజల సహేతుకమైన అవసరాలు తీరకపోతే పేటెంట్ల కంట్రోలర్ తప్పనిసరి లైసెన్సు ఇవ్వవచ్చు. చదవడానికి బాగానే ఉంది. ఆ అధికారం కింద మన దేశంలో ఇచ్చిన లైసెన్సు ఒకే ఒక్కటి. 2012 మార్చిలో, బేయర్ వారి క్యాన్సర్ మందు నెక్సావార్ తయారీకి హైదరాబాదు నాట్కోకు ఇచ్చారు, నెలకు 2.8 లక్షల రూపాయలైన మందు 8,800కు వచ్చింది. ఆ తర్వాత మరొకరికి దక్కలేదు. పైగా తప్పనిసరి లైసెన్సు అంటే పేటెంటు వాడుకోవడానికి అనుమతి దొరకనివాడికి అనుమతి. ఫోన్ల సంస్థల సమస్య అనుమతి దొరకకపోవడం కాదు. దొరికే అనుమతి వెనక ఉన్న ధర, రహస్యం. సంస్థ కార్యాలయానికి వెళ్లి పత్రాలు స్వాధీనం చేసుకునే దర్యాప్తు విభాగం కాంపిటీషన్ కమిషన్‌కు ఉంది, కంట్రోలర్‌కు లేదు.

నెక్సావార్ కేసులో కంట్రోలర్ ఆధారపడ్డ సాక్ష్యాల్లో ముఖ్యమైనది ఫారం 27. పేటెంటును దేశంలో ఏ మేరకు వినియోగిస్తున్నారో చెబుతూ పేటెంటుదారు అప్పట్లో ఏటా దాఖలు చేయవలసిన ప్రకటన అది. బేయర్ స్వయంగా రాసిచ్చిన అంకెలే, రోగుల్లో అతి కొద్దిమందికే మందు అందుతోందని రుజువు చేశాయి. 2024 మార్చి నిబంధనల్లో ఈ ఫారాన్ని మూడేళ్లకొకసారి దాఖలు చేస్తే చాలునన్నారు, అడిగే వివరాలనూ కుదించారు. వ్యాపారం సులభతరం చేయడం కోసమట. ఒక పక్క కమిషన్‌ను పక్కకు తప్పించి కంట్రోలర్ దగ్గరికి వెళ్లమంటూ, మరో పక్క కంట్రోలర్ చేతిలోని కాగితాన్ని పలచన చేస్తే వెళ్లినవాడికి దొరికేదేమిటి?

చట్టంలో కావలసిన సవరణ పెద్దదేమీ కాదు. పేటెంటును కాపాడుకోవడానికి పెట్టే సహేతుకమైన షరతులను కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3(5) ఇప్పటికే మినహాయిస్తోంది. అయితే ఆ మినహాయింపు ఉన్నది ఒప్పందాలకు సంబంధించిన సెక్షన్ 3లో. ఆధిపత్య దుర్వినియోగం గురించిన సెక్షన్ 4లో అటువంటిదేమీ లేదు. ప్రమాణంలో చేరిన పేటెంటు విషయంలో సెక్షన్ 4 వర్తిస్తుందని, విచారణకు ముందు కంట్రోలర్ అభిప్రాయం తీసుకోవాలని పార్లమెంటు ఒక వాక్యం చేర్చితే ఇద్దరి అధికారాలకూ చోటు ఉంటుంది. దానితో పాటు, ప్రమాణానికి తప్పనిసరి అని ప్రకటించుకున్న పేటెంట్లకు సంబంధించిన ప్రతి లైసెన్సు ఒప్పందాన్నీ కమిషన్ దగ్గర గోప్యంగానే అయినా దాఖలు చేయాలన్న నియమం ఉండాలి.

2024 మార్చిలో ప్రభుత్వం బయటపెట్టిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో ఇలాంటిదేమైనా ఉంటుందేమోనని వెతికాను. సెర్చ్, సోషల్ మీడియా, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, బ్రౌజర్లు, క్లౌడ్, ప్రకటనలు ఆ జాబితాలో ఉన్నాయి. పేటెంటు లైసెన్సులు లేవు. ఆ ముసాయిదా చట్టమైనా సరే, గూగుల్ ఒప్పందాలను తెరిపించడం ఇంకొంచెం సులువవుతుంది గానీ, ఎరిక్సన్ ఒప్పందాలను తెరిపించేవాడు మాత్రం ఉండడు. అది పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందుకు వచ్చే రోజున మన ఎంపీలు అడగవలసిన ప్రశ్న ఇది. ఆటోనగర్ వర్తక సంఘాలు, గుంటూరు విత్తన వ్యాపారులు ఒకే మహజరు మీద సంతకం పెట్టడానికి ఇంతకంటే తగిన విషయం నాకు కనిపించడం లేదు.